కంటి ఆపరేషన్‌కు తోడెవరు?

మా వీధిలో ఒంటరిగా ఉండే మామ్మకు రెండు కళ్లకూ శుక్లాలు. ఆపరేషన్ ఉచితమే. ఆస్పత్రికి వెళ్తే "తోడెవరమ్మా? మనిషిని తీసుకురా" అన్నారు. కొడుకేమో హైదరాబాదులో. తిరుగు బస్సెక్కి వచ్చేసింది. ఏడాదైంది, మళ్లీ వెళ్లలేదు.

ఆస్పత్రి వాళ్లను తప్పు పట్టలేం. కంటికి కట్టు కట్టిన మనిషిని ఒంటరిగా పంపకూడదు కదా. మరి తోడు లేనివాళ్లకు దారేది? 108 అత్యవసరానికే గాని ఇలాంటి వాటికి రాదు.

నిజానికి ఆపరేషన్ కొద్ది నిమిషాల పని, చాలామందిని ఆరోజే పంపేస్తారు. కష్టమంతా ఇంటికొచ్చాకే. కొన్ని వారాలపాటు రోజూ వేళకు చుక్కల మందు పడాలి. కంట్లో నీళ్లు పడరాదు, బరువులెత్తరాదు, పొయ్యి పొగ, కొట్టంలో దుమ్ము తగలరాదు. మరి గేదెకు మేతెవరు వేస్తారు? మామ్మను ఆపింది ఖర్చు కాదండీ, ఆ గేదే!

కనుక ఆటో ఒక్కటి మాట్లాడుకుంటే చాలదు. తేదీ తీసుకునేటప్పుడే పాలు పితికేదెవరో, చుక్కలు వేసేదెవరో తేల్చుకోవాలి. డ్వాక్రా సంఘం వాళ్లు వంతులేసుకోలేరా? చలికాలంలోనే చేయించుకోవాలన్నది పాతమాట, ఇప్పుడు ఏ కాలమైనా ఒకటే. నాట్లూ కోతలూ లేని వారం చూసుకుంటే తోడు మనిషి దొరుకుతాడు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే ఆటో కిరాయీ కలిసొస్తుంది. తర్వాత తనిఖీకి రమ్మన్న రోజుకూ అదే ఆటోను ముందే చెప్పి ఉంచుకోవాలి. షుగరు, బీపీ మందుల చీటీ మరవద్దు.

ఈసారి మామ్మను మేమే తీసుకెళ్తున్నాం. గేదెను మా కొట్టంలో కట్టేస్తాం.