ఫ్రేమ్ కూడా ఒక వైరే

పోయిన సెమిస్టర్ మినీ ప్రాజెక్ట్ మొదటి రివ్యూలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "ఇందులో కొత్తగా ఏముందయ్యా?"

టేబుల్ మీద నేను పెట్టింది జానెడు పొడవున్న బొమ్మ రైలింజను. వయసులో నాకన్నా పెద్దది. ప్యానెల్‌లో ఉన్న ఒక సర్ దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "బాగుంది, మా బాబుకైతే తెగ నచ్చుతుంది" అని నవ్వి కింద పెట్టేశారు. పదికి నాలుగు మార్కులు. నా తర్వాత వెళ్లిన బ్యాచ్ వాళ్లు బయట రెడీమేడ్‌గా కొనుక్కొచ్చిన కిట్‌కి ఎనిమిది.

ఇది ఆ నాలుగు మార్కుల గురించి ఏడుపు కాదు. సరే, కొంచెం ఉంది. కానీ నేను చెప్పదలుచుకున్నది వేరు. పాత యంత్రాన్ని విప్పి, అర్థం చేసుకుని, దానికి కొత్త ఎలక్ట్రానిక్స్ బిగించడం కూడా ప్రాజెక్టే. మనలాంటి వాళ్లకి కొత్తది కట్టడం కన్నా అదే ఎక్కువ నేర్పుతుందని నా నమ్మకం. ఎందుకో చెప్తాను.

మా పెదనాన్న షికాగోలో ఉంటారు. అక్కడ ఇంటి బేస్‌మెంట్‌లో పట్టాలు పరుచుకుని రైళ్లు నడుపుకోవడం పెద్దవాళ్ల సరదా కూడా. ఇల్లు మారేటప్పుడు ఆయన తన సెట్టంతా ఎవరికో ఇచ్చేసి, ఒక డీజిల్ ఇంజను, కాసిని పట్టాలు మాత్రం సూట్‌కేసులో పెట్టి నాకు తెచ్చారు. ఎచ్‌ఓ స్కేలు, అంటే అసలు రైలులో 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. "ఒరేయ్, ఇది పాతకాలం డీసీ ఇంజను. ఇప్పుడంతా డిజిటలే. చేతనైతే మార్చుకో, లేకపోతే షోకేసులో పెట్టుకో" అన్నారు. ఈఈఈ థర్డ్ ఇయర్ వాడితో "చేతనైతే" అనకూడదు కదా!

పాత పద్ధతి మనకు తెలిసిందే. పట్టాలకి సున్నా నుంచి పన్నెండు వోల్టుల దాకా డీసీ ఇస్తాం. వోల్టేజీ పెంచితే వేగం పెరుగుతుంది, ప్లస్ మైనస్ తిప్పితే వెనక్కి పోతుంది. చిక్కల్లా రెండో ఇంజను పెట్టినప్పుడే. ఒకే పట్టాల మీద ఉన్నాయి కాబట్టి రెండూ కలిసే కదులుతాయి, కలిసే ఆగుతాయి. విడిగా నడపాలంటే పట్టాలను ముక్కలుగా కోసి, ముక్కకో స్విచ్ పెట్టాలి. అంటే మనం నడిపేది రైలును కాదు, పట్టాలను.

డీసీసీ, అంటే డిజిటల్ కమాండ్ కంట్రోల్, దీన్ని తిరగేసింది. జర్మనీలోని లెన్జ్ సంస్థ పద్ధతిని ఆధారంగా తీసుకుని అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990లలో దీన్ని ప్రమాణంగా మార్చింది. ఇందులో పట్టాల మీద వోల్టేజీ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. దాని దిశ మాత్రం క్షణక్షణం మారుతుంది. ఆ మార్పుల్లోనే సందేశం ఉంటుంది. ఒక్కో సగం 58 మైక్రోసెకన్లు ఉంటే అది 1. వంద గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే 0. ముందు వరసగా కొన్ని ఒకట్లు, తర్వాత అడ్రసు, తర్వాత ఆజ్ఞ, చివర తప్పుల్ని పట్టుకోవడానికి ఒక ఎక్సార్ బైటు. క్లాసులో అటెండెన్స్ లాగే అనుకోండి. రోల్ నంబర్ పిలిస్తే అందరికీ వినిపిస్తుంది, పలికేది ఒక్కడే. ఇంజనులో ఉండే డీకోడర్ తన నంబర్ వినగానే లోపలున్న ఎచ్-బ్రిడ్జ్‌తో, పీడబ్ల్యూఎంతో మోటారును తిప్పుతుంది. మనం పరీక్షకి బట్టీ పట్టినవే ఇవన్నీ.

డీకోడర్ బిగించడం కాగితం మీద పది నిమిషాల పని. ఎరుపు, నలుపు వైర్లు పట్టాల నుంచి కరెంటు తెచ్చేవి. నారింజ, బూడిద రంగువి మోటారుకి. తెలుపు, పసుపు, నీలం లైట్లకి. రంగులు కూడా ప్రమాణం ప్రకారమే. నేను సోల్డర్ చేశాను, ఇంజను పట్టాల మీద పెట్టాను, స్విచ్ వేశాను. ఒక్క సెకను కూడా పట్టలేదు. అగరుబత్తిలాగా సన్నగా పొగ. మూడు నెలల పాకెట్ మనీ!

ఎందుకు కాలిందో తెలుసుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అలాంటి పాత ఇంజన్లలో మోటారుకి రెండో వైరు ఉండదు. ఇంజను కింద ఉండే బరువైన లోహపు ఫ్రేమే రెండో వైరు. మోటారు కింది బ్రష్‌ను పట్టి ఉంచే క్లిప్‌కి రెండు చిన్న కొమ్ములుంటాయి. అవి ఫ్రేమ్‌కి ఆనుతాయి. ఫ్రేమ్ చక్రాలకి, చక్రాలు పట్టాలకి. డీసీలో అది చాలా తెలివైన పని. ఒక వైరు, ఒక సోల్డరింగ్ మిగిలిపోతాయి. డీసీసీలో మాత్రం అదే ప్రాణాంతకం, ఎందుకంటే పట్టాల మీద కరెంటు నేరుగా డీకోడర్ అవుట్‌పుట్‌లోకి వచ్చేస్తుంది. నేను ఆ కొమ్ముల్ని వంచాను, మల్టీమీటర్‌తో చూశాను కూడా. కానీ మోటారును బయట పెట్టి చూశాను. దాన్ని మళ్లీ ఫ్రేములో నొక్కి బిగించేసరికి ఒక కొమ్ము తిరిగి ఆనింది. అప్పుడు మళ్లీ చూడలేదు.

మూడేళ్లుగా నేను గీసిన ఏ సర్క్యూట్ డయాగ్రమ్‌లోనూ ఇనుప ముక్క వైరుగా కనబడలేదు. గ్రౌండ్ అంటే మూడు గీతల గుర్తు, అంతే. అది చేత్తో పట్టుకోగలిగే వస్తువని, కనెక్షన్ వద్దనుకున్న చోట కూడా కనెక్ట్ అయి కూర్చుంటుందని ఆ పొగ చెప్పింది.

రెండోసారి తొందరపడలేదు. ముందు గేర్లలో గట్టిపడిన పాత గ్రీజు కడిగేశాను. ఖాళీగా తిరిగేటప్పుడు లాగే కరెంటు అరకు పైనున్నది 0.3 ఆంపియర్లకి దిగింది. పన్నెండు వోల్టుల మీద చక్రాల్ని వేలితో ఆపి స్టాల్ కరెంటు కొలిస్తే 1.1 ఆంపియర్లు. మొదట కొన్న డీకోడర్ ఒక ఆంపియర్‌ది. అంటే ఫ్రేమ్ దగ్గర తప్పించుకున్నా అది ఎప్పుడో ఒకప్పుడు పోయేదే. ఈసారి పెద్దది తీసుకున్నాను. కొమ్ముల్ని కత్తిరించి, మోటారు కింద కాప్టన్ టేపు వేసి, అంతా బిగించాక ప్రతి చక్రానికీ ప్రతి బ్రష్‌కీ మధ్య మీటర్ పెట్టి చూశాను. ఎక్కడా బీప్ రాలేదు. కమాండ్ స్టేషన్ కొనలేదు. ఆర్డుయినో ఊనో, మోటార్ షీల్డ్, డీసీసీ ప్లస్ ప్లస్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్‌తో నడిచిపోయింది. సెట్టింగ్ మార్చినప్పుడు డీకోడర్ "అందింది" అని చెప్పడానికి మోటారులోకి ఆరు మిల్లీసెకన్లు కరెంటు వదులుతుంది. ఇంజను చిన్నగా ఉలిక్కిపడుతుంది. అది మొదటిసారి చూసినప్పుడు రూమ్‌మేట్‌ని నిద్రలేపి మరీ చూపించాను. వాడు తిట్టాడు, అది వేరే సంగతి.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. "కొత్తగా ఏముంది?" అన్న ప్రశ్న తప్పని నేననను. కానీ బయటికెళ్లాక మనలో ఎంతమంది ఖాళీ స్థలంలో కొత్త ఫ్యాక్టరీ కడతాం? ఉన్న ప్లాంటుకి కొత్త కంట్రోలర్ పెట్టేవాళ్లం, ఉన్న మెషీన్‌కి సెన్సర్ తగిలించేవాళ్లమే ఎక్కువ. సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వేనే చూడండి. రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్‌ని అక్కడే పరీక్షించారు. 2022 మార్చిలో గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి ఇంజనులో కూర్చుని ఉండగా ప్రదర్శన ఇచ్చారు. కవచ్ కోసం దేశంలోని ఇంజన్లన్నిటినీ పారేసి కొత్తవి చేయరు కదా. నడుస్తున్న ఇంజన్లలోనే పరికరాలు బిగిస్తున్నారు. ఆ ఇంజను బ్రేకులు, వైరింగు ఎలా ఉన్నాయో తెలియకుండా ఆ పని చేయలేరు.

కొందరు అంటారు, ఇది డబ్బున్నవాళ్ల ఆట అని. నిజమే, నాకు పెదనాన్న ఉన్నారు కాబట్టి ఇంజను దొరికింది. కానీ రైలే కావాలని లేదు. ఇంట్లో మూలన పడున్న కుట్టుమిషను మోటారు, పాత కూలర్ పంపు, చెడిపోయిన ఇన్వర్టర్, ఏదైనా పనికొస్తుంది. ఇంకొందరు అంటారు, పాతది విప్పితే ఎప్పటికి పూర్తవుతుందో చెప్పలేం, సెమిస్టర్ ఆగదు అని. ఇది గట్టి అభ్యంతరమే. నాది కూడా రివ్యూ నాటికి పూర్తి కాలేదు. రివ్యూలో పెట్టింది కాలిన ఇంజనే, నడిచింది ఆ తర్వాతే. అందుకే నేనడిగేది కొత్తదనానికి మార్కులు తీసేయమని కాదు. "మొదట ఎలా ఉండేది, ఏం మార్చాం, ఏం కాలింది, ఎందుకు కాలింది" అనే నాలుగు పేజీలకి కూడా కొన్ని మార్కులు పెట్టమని. కొనుక్కొచ్చిన కిట్‌తో ఆ నాలుగు పేజీలు రాయడం కష్టం.

వచ్చే సెమిస్టర్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌కి ఇదే పెడుతున్నాను, రెండో ఇంజనుతో. మళ్లీ నాలుగొచ్చినా పెడతాను. కాలిన డీకోడర్‌ని రిపోర్టు మొదటి పేజీకి టేపుతో అంటిస్తున్నాను. మీలో ఎవరికైనా టీమ్‌లో చేరాలనుంటే చెప్పండి. పాత వస్తువు ఒకటి, మల్టీమీటర్ ఒకటి తెచ్చుకుంటే చాలు.