ఇంటి నుంచి చేసినా ఉద్యోగమే

కేంద్ర కార్మిక శాఖ మంత్రి గారికి,

అమెరికా డాక్టర్ల డిక్టేషన్ విని రిపోర్టులు రాసే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షనిస్టులు హైదరాబాద్‌లో ఎందరో ఇళ్ల నుంచే పనిచేస్తున్నారు. సాధారణంగా 65 అక్షరాలను ఒక లైనుగా లెక్కగట్టి డబ్బులిస్తారు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ రాసినదాన్ని దిద్దడమే ప్రధాన పని అవుతోంది. దీనికి లైను రేటు తక్కువ, వినాల్సిన ఆడియో మాత్రం అంతే. యంత్రమే రాస్తోంది కదా అంటారు. హైపోటెన్షన్‌ను అది హైపర్‌టెన్షన్‌గా రాస్తే పట్టుకోవాల్సింది మనిషి చెవే. అలాంటి చెవి ఏళ్ల తరబడి వింటేనే తయారవుతుంది. వీళ్లు తీరిక వేళల్లో చేసుకునే స్వతంత్రులన్న వాదనా నిలవదు; గడువు, రేటు, తప్పుల పరిమితి అన్నీ కంపెనీయే నిర్ణయిస్తుంది. 2020 సామాజిక భద్రతా కోడ్ ఇంటి నుంచి సేవలందించేవారినీ కార్మికులుగానే నిర్వచించింది. ఆ గుర్తింపు పీఎఫ్ దాకా రావాలి. దిద్దుబాటు పనికి లైన్ల మీద కాకుండా గంటల మీద కనీస వేతనం నిర్ణయించండి.