అభిమానం పట్టా కాదు

"కామిక్స్‌లో ఒకప్పుడు రాజకీయాలు ఉండేవి కావు. ఇప్పుడే దూర్చారు." వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో మనవాళ్ల విందుల్లోనూ ఈ మాట వినపడుతోంది. 2017 నుంచి 'కామిక్స్‌గేట్' పేరుతో అమెరికాలో కొందరు అభిమానులు చేస్తున్న రభసకు ఇదే పునాది. ఆ పునాదే అబద్ధం.

1938లో వచ్చిన సూపర్‌మ్యాన్ తొలి కథ తీయండి. పెళ్లాన్ని కొట్టే మొగుడికి బుద్ధి చెప్పిన ఆ వీరుడు, మనకు గంట దూరంలో ఉన్న వాషింగ్టన్‌కే వచ్చి, సెనేటర్‌ను గుప్పిట్లో పెట్టుకున్న దళారీని పట్టుకుంటాడు. ఇది రాజకీయం కాదా? కెప్టెన్ అమెరికా మొదటి సంచిక 1941 మార్చి తేదీతో వచ్చింది. అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగనే లేదు, అట్ట మీద మాత్రం హిట్లర్ దవడకు పిడిగుద్దు! దాన్ని సృష్టించిన జో సైమన్, జాక్ కిర్బీ యూదులు. బెదిరింపులు వచ్చినా వాళ్లు వెనక్కి తగ్గలేదు.

ఈసీ కామిక్స్ వారి 'జడ్జ్‌మెంట్ డే' మరీ స్పష్టం. నారింజ రంగు మరమనుషులు నీలం రంగు వాళ్లను వేరుగా, తక్కువగా చూసే గ్రహానికి భూమి నుంచి పరిశీలకుడు వస్తాడు. మీరింకా మారాలని చెప్పి వెళ్లిపోతాడు. చివరి బొమ్మలో హెల్మెట్ తీస్తాడు. నల్లజాతి ముఖం, దాని మీద మెరుస్తున్న చెమట చుక్కలు. 1956లో ఈ కథను మళ్లీ వేయబోతే, కామిక్స్‌ను సెన్సార్ చేసే 'కామిక్స్ కోడ్' అధికారి ఆ ముఖాన్నే మార్చమన్నాడు. ప్రచురణకర్త విలియం గెయిన్స్ ససేమిరా అన్నాడు.

అభ్యంతరం అప్పుడూ రాజకీయం మీద కాదు, ముఖం మీద. 2017లో మార్వెల్ మహిళా సంపాదకులు మిల్క్‌షేక్‌లు పట్టుకుని దిగిన ఫోటోకు తిట్ల వాన కురిసింది. మిల్క్‌షేక్‌లో ఏ రాజకీయం ఉంది?

కథ నచ్చలేదా, కొనకండి. బాగోలేదని గట్టిగా చెప్పండి. ఆ హక్కు పాఠకుడిది. రాసినవాళ్లను వెంటాడి తిట్టడం మాత్రం విమర్శ అనిపించుకోదు. డబ్బిచ్చి పుస్తకం కొంటాం, పాత్రల మీద పట్టా కాదు.

2014లో మొదలైన మిస్ మార్వెల్‌లో పాకిస్తానీ కుటుంబంలోని కమలా ఖాన్ తొలిసారి కనపడేది కొట్లో బేకన్ వాసన చూస్తూ. తినకూడదు, వాసన మాత్రం లాగుతోంది. ఇంటి కట్టుబాటుకీ బయటి లోకానికీ మధ్య అలా నిలబడ్డ పిల్లలు మన ఇళ్లలో లేరా? ఆ అమ్మాయిని 'దూర్చారు' అంటున్న గొంతుకు మనం వంత పాడకూడదు. రేపు ఆ హెల్మెట్ కింద కనపడేది మన పిల్ల ముఖమే కావచ్చు.