ఇంటి కప్పును ఏటేటా చూడవలెను

తొలకరికి ముందు ఇంటి కప్పును బాగుచేసికొనుట ఒకనాడు తెలుగునాట ప్రతి కుటుంబమును ఎరిగిన పని. పూరిల్లు గలవారు క్రుళ్లిన తాటాకును తీసి క్రొత్త ఆకు కప్పించుకొనెడివారు. పెంకుటిండ్లవారు పెంకులను దింపి, పగిలినవానిని ఏరివేసి, చెదపట్టిన వాసములను మార్చి, తిరిగి వేయించుకొనెడివారు. రాయలసీమలో మట్టిమిద్దెలపై వానలకు ముందు క్రొత్త చౌడు పరచెడివారు. మృగశిర కార్తె దగ్గరపడుచున్నదనగా ఈ పనిని ఎవరును ఎవరికిని గుర్తుచేయవలసిన అవసరము లేకుండెను. అట్టి ఇండ్లు మిగిలిన ఊళ్లలో ఈ ఆచారము ఇప్పటికిని కొంతవరకు నిలిచియున్నది.

సిమెంటు శ్లాబు వచ్చిన పిదప ఆ అలవాటు జారిపోయినది. పక్కా ఇల్లు కట్టుకొన్న గృహస్థుడు ఇక తలయెత్తి కప్పువంక చూడనక్కరలేదని తలచుచున్నాడు. ఈ నమ్మకము పొరపాటు మాత్రమే కాదు, అపాయకరము కూడ. తాటాకు కప్పునకు చిల్లుపడినచో తొలివాన కురిసిన రాత్రియే చుక్క నెత్తిపై పడి నిద్రించువానిని లేపును. పూరిల్లు తన జబ్బును దాచుకొనజాలదు. శ్లాబు సంవత్సరముల తరబడి దాచుకొనగలదు. అందుచేత ఈ పరీక్ష పూరిండ్లకంటె పక్కా ఇండ్లకే ఎక్కువ అవసరము.

శ్లాబు లోపల జరుగునది ఇది. ఇనుప ఊచలను తుప్పునుండి కాపాడునది వాని చుట్టునున్న కాంక్రీటు యొక్క క్షారగుణము. గాలిలోని బొగ్గుపులుసు వాయువు సన్నని రంధ్రముల గుండ ఏండ్ల తరబడి లోనికి చొరబడి ఆ గుణమును తగ్గించును. పైన నిలిచిన వాననీరు పగుళ్ల వెంబడి దిగినప్పుడు ఊచ తుప్పుపట్టుట ఆరంభించును. తుప్పు తాను తినివేసిన ఇనుముకంటె రెండు మూడు రెట్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, చోటు ఆక్రమించును. ఆ ఒత్తిడికి క్రింది కాంక్రీటు పగిలి పెచ్చులుగా ఊడును. సముద్రతీరమున ఉప్పుగాలి ఈ చెరుపును మరింత తొందరపెట్టును. 2000 సంవత్సరపు భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 456, తేలికపాటి పరిస్థితులలో ఊచపై 20 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర చాలునని చెప్పుచు, తీరపు గాలికి గురియగు కట్టడములకు 45 మిల్లీమీటర్లు కోరుటకు కారణమిదియే. కాకినాడలో గాని, పూరీలో గాని, చెన్నైలో గాని ఇల్లు కట్టించుకొన్నవారిలో ఎందరు మేస్త్రీని ఈ ప్రశ్న అడిగియుందురు?

ఇది ఇంజనీర్ల విషయము గదా, ఆరోగ్యమునకు దీనితో ఏమి పని యని కొందరు అడుగవచ్చును. చెమ్మ దిగిన మూలలలో బూజు పెరుగును. దాని సూక్ష్మబీజములు ఇంటి గాలిలో కలిసి ఊపిరితో లోనికి పోవును. ఇంటి చెమ్మకును, బూజునకును ఉబ్బసముతోను, దగ్గుతోను, ఇతర శ్వాసకోశ వ్యాధులతోను సంబంధము కలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రకటించిన మార్గదర్శకములలో స్పష్టము చేసినది. ఏటా వానకాలమున బిడ్డకు దగ్గు తిరుగబెట్టుచుండగా తల్లిదండ్రులు మందుసీసాలు మార్చుచుందురు. మంచమునకు పైనున్న మరకను మాత్రము చూడరు. ఇక డాబాపై తూము పూడి నిలిచిపోయిన నీటిలో డెంగ్యూ దోమ గ్రుడ్లు పెట్టును. వెచ్చని వాతావరణమున వారము పది దినములలో ఆ గ్రుడ్లు దోమలై ఎగురును. అదే మడుగు పైన దోమను పెంచుచు, క్రింద ఊచను తినుచుండును.

మన ఇండ్లలో ఒక చెడ్డ వాడుక కలదు. పండుగ వచ్చుచున్నదనగానో, ఇంట పెండ్లి తలపెట్టినప్పుడో కప్పుపై మరకలకు రంగు పూయింతురు. ఇట్లు చేసినందువలన మరక మానదు; సాక్ష్యము మాత్రము చెరిగిపోవును. మరుసటి వానకు అది ఎట్లును తిరిగివచ్చును. ఈలోపల ఇల్లు అమ్ముడుపోయినచో ఆ దుఃఖము కొన్నవానిది.

ఏ గుర్తును చూపకయే కూలు కప్పు అరుదు. 2025 జూలై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీ గ్రామమున ప్రభుత్వ పాఠశాల కప్పు కూలి ఏడుగురు పిల్లలు మరణించిరి. పైనుండి గులకరాళ్లు రాలుచున్నవని పిల్లలు ముందుగానే చెప్పిరని వార్తాపత్రికలు వ్రాసినవి. దరిమిలా పాఠశాలల భద్రతను పరీక్షింపవలసినదిగా కేంద్ర విద్యామంత్రిత్వశాఖ రాష్ట్రములను ఆదేశించినది. పాఠశాలల కట్లు ఆదేశమిచ్చువారు కలరు. ఇంటికి ఇంటివారే.

ఈ పరీక్షకు యంత్రములతో పనిలేదు. మృగశిరకు ముందు ఒకసారి, వానలు వెనుకపట్టిన పిదప సంక్రాంతి లోపల ఒకసారి, తుపాను వచ్చిపోయినచో అదనముగా ఒకసారి చూచిన చాలును. తూములను మాత్రము వానకాలమంతయు వారమునకొకసారి చూడవలెను. మొదట డాబా ఎక్కవలెను. తడిగానున్నప్పుడు, నాచు జారునప్పుడు ఎక్కరాదు. తూములలోని ఆకులను, మట్టిని తీసి, ఒక బిందెడు నీరు కుమ్మరించి అది ఎటు పోవుచున్నదో, ఎచట ఆగుచున్నదో గమనింపవలెను. పిట్టగోడ మొదట మొలచిన రావిమొక్కను చిన్నదని విడువరాదు. దాని వేరు పగులును వెదకికొని పోవును; పైకొమ్మను త్రుంచినంత మాత్రమున అది చావదు. నీళ్లట్యాంకు అడుగున ఎల్లప్పుడు తడిగానుండు చోటును తప్పక చూడవలెను.

పిమ్మట ఇంటిలోపల. టార్చిలైటును కప్పునకు ప్రక్కవాటుగా పట్టినచో, పగటి వెలుతురున కానరాని ఉబ్బులు కూడ నీడలు పడి బయటపడును. స్నానపుగది పైభాగము, అటకల వెనుక, బీరువా చాటున మూలలు, ఎవరును చూడని ఈ చోట్లనే జబ్బు మొదలగును. ఊచల వరుస ననుసరించి తుప్పురంగు చారలు కనబడినను, తెల్లని ఉప్పు పొడి పేరినను, లోనికి నీరు దిగుచున్నదని తెలియవలెను. పొడుగాటి కర్రతో మెల్లగా తట్టినచో గట్టిచోటు ఖంగున పలుకును; పొర విడిన చోటు డొల్లగా పలుకును. తట్టువాడు దానికి సరిగా క్రింద నిలువక ప్రక్కకు నిలువవలెను. డొల్లగా పలికిన చోటి క్రింద మంచము గాని, ఉయ్యాల గాని ఆ దినమే తీసివేయవలెను. మరమ్మతు తరువాత సంగతి.

సిమెంటు రేకుల ఇండ్లకు వేరు జాగ్రత్త కావలెను. పాత రేకు చూచుటకు గట్టిగా నున్నను మనుష్యుని బరువునకు ఒక్కసారిగా విరుగును; నిచ్చెనపైనుండి చూచుటయే క్షేమము. అందులో ఆస్‌బెస్టాస్ కలదేని దానిని కోయరాదు, తొలువరాదు, పొడిగా గీకరాదు. ఆస్‌బెస్టాస్ అన్ని రకములును క్యాన్సరు కలిగించునవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

అద్దె యిండ్ల సంగతి చిక్కైనది. యజమాని వచ్చి చూడడు. కాపురమున్నవాడు చెప్పడు, చెప్పినచో ఇల్లు ఖాళీ చేయుమందురేమోనని భయము. ఆ భయము నిరాధారము కాదు. కావున ఇద్దరి ఇష్టాయిష్టములకు విడువక చట్టమే పూనుకొనుట మేలు. ముంబయి నగరమున 30 సంవత్సరములు దాటిన భవనములకు నిర్మాణ పరీక్ష చట్టరీత్యా తప్పనిసరి. ఇట్టి నియమము తక్కిన నగరములకును రావలెను. ఉప్పుగాలి వీచు పట్టణములలో 30 ఏండ్లవరకు ఆగుటయు ఆలస్యమే.

పగులు కనబడినంతనే బెదరవలసిన పనిలేదు. పూతలోని వెంట్రుకవాసి పగుళ్లు చాలవరకు నిరపాయకరములు. పగులు రెండు కొనలయందును పెన్సిలుతో అడ్డుగీత గీసి ప్రక్కన తేదీ వ్రాసియుంచవలెను. మరుసటి పరీక్షనాటికి పగులు గీతను దాటినచో ఇంజనీరును పిలువవలెను. ఈలోపల పండుగ వచ్చినను ఆ తేదీపై సున్నము కొట్టింపరాదు.