మనసు చెప్పుకునే చోట అర్హత అడగొద్దా?

మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఏ కాలనీలో తిరిగినా పళ్ల డాక్టరు, జిమ్ము, పీజీ హాస్టల్ బోర్డుల మధ్య ఇప్పుడు ఇంకో రకం బోర్డు కనిపిస్తోంది. కౌన్సెలింగ్, థెరపీ, వెల్‌నెస్, లైఫ్ కోచ్ అని రకరకాల పేర్లు. లోపల కూర్చున్నవాళ్లలో సైకియాట్రిస్టులు ఉంటారు, క్లినికల్ సైకాలజిస్టులు ఉంటారు, సోషల్ వర్క్‌లో పీజీ చేసి ఏళ్ల తరబడి ఆస్పత్రుల్లోనో స్వచ్ఛంద సంస్థల్లోనో పనిచేసి బయటికొచ్చినవాళ్లు ఉంటారు. శని, ఆదివారాల్లో ఆన్‌లైన్ కోర్సు చేసి సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించుకున్నవాళ్లూ ఉంటారు. మెట్లెక్కి వెళ్లే మనిషికి వీళ్ల మధ్య తేడా తెలియదు. గంటకు వెయ్యి రూపాయలకు పైగా కట్టి, కన్నతల్లికి కూడా చెప్పని మాట ఎవరి ముందు చెబుతున్నాడో అతనికే తెలియదు.

వీళ్లందరిలో మనం చిన్నచూపు చూసేది సోషల్ వర్కర్‌ని. ఐటీ కారిడార్‌కు అందరికంటే ఎక్కువ అక్కరకొచ్చేది ఆ సోషల్ వర్కరే అని నా అభిప్రాయం.

ఎందుకంటే ఇక్కడి బాధల్లో చాలాభాగం జబ్బుగా మొదలవ్వవు. అమెరికా గడియారానికి పనిచేసే షిఫ్టు, తెల్లవారుజామున క్యాబ్ దిగి పట్టని నిద్ర, కొల్లూరులో బుక్ చేసిన ఫ్లాటుకు ఈఎంఐ, ప్రాజెక్టు పోయి బెంచి మీద కూర్చున్న నెలలు, ఆన్‌సైట్‌లో ఉన్న భర్త, ఒంగోలులో ఒంటరిగా ఉన్న మామగారికి బైపాస్. ఇవన్నీ ఒకే మనిషి నెత్తిన పడితే గుండెదడ వస్తుంది, నిద్ర పోతుంది, ఇంట్లో గొడవలు పెరుగుతాయి. మందు వల్ల నిద్ర రావచ్చు, ఈఎంఐ తగ్గదు. మనిషిని అతని ఇల్లు, జీతం, బంధువులు, వీధితో కలిపి చూడమని చెప్పేదే సోషల్ వర్క్. మేరీ రిచ్‌మండ్ 1917లో ‘సోషల్ డయాగ్నోసిస్’ రాసిన నాటి నుంచి ఆ వృత్తికి ఇదే పునాది. భార్యనూ భర్తనూ ఎదురెదురుగా కూర్చోబెట్టడం, అత్తగారితో ఫోన్లో మాట్లాడటం, అప్పుల లెక్క కాగితం మీద రాయించడం, అవసరమైతే లాయరు దగ్గరికో సైకియాట్రిస్టు దగ్గరికో పంపడం, ఇవన్నీ వాళ్ల చదువులో భాగం. సోషల్ వర్క్‌లో పీజీ అయిన ఎంఎస్‌డబ్ల్యూ విద్యార్థులకు తరగతి గదితో పాటు ఫీల్డ్‌వర్క్ కూడా తప్పనిసరి. బస్తీల్లో, ఆస్పత్రి వార్డుల్లో తిరిగితే తప్ప డిగ్రీ చేతికి రాదు.

ఈ చదువు మనకు దూరమూ కాదు. దేశంలో మొట్టమొదటి సోషల్ వర్క్ విద్యాసంస్థ 1936లో బొంబాయిలో టాటాల పేరున మొదలైంది. ఇప్పటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అదే, దానికి హైదరాబాద్‌లోనూ క్యాంపస్ ఉంది. గచ్చిబౌలిలో, బయోడైవర్సిటీ పార్కుకు ఎదురుగా, రోడా మిస్త్రీ పేరున ఏకంగా సోషల్ వర్క్ కాలేజీయే ఉంది. రోజూ దాని ముందు నుంచే ఆఫీసులకు వెళ్లే వేలమందిలో అక్కడ ఏం నేర్పుతారో తెలిసినవాళ్లు ఎంతమంది?

ఇంతటి అర్హత ఉన్నవాళ్లకు చట్టంలో చోటు ఎక్కడుందంటే, సమాధానం చిత్రంగా ఉంటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ను గుర్తించింది. అయితే పీజీ ఒక్కటే చాలదు, ఆ తర్వాత పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణతో కూడిన రెండేళ్ల పూర్తికాల ఎంఫిల్ ఉండాలి. వాదనగా ఇది సబబే. మనసు చెడిన మనిషితో పనిచేసేవాడికి ఆ మాత్రం శిక్షణ ఉండాలి. కానీ అదే ఎంఫిల్‌ను 2022 నిబంధనలతో యూజీసీ దేశమంతటా ఎత్తేసింది. క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ కోర్సులు మూతపడితే చట్టమే కుంటుపడుతుందని ఆలస్యంగా గుర్తొచ్చి, ఆ రెండింటికి మాత్రం 2025-26 విద్యాసంవత్సరం దాకా గడువు పొడిగించింది. ఒక శాఖ తప్పనిసరి చేసిన డిగ్రీని ఇంకో సంస్థ రద్దు చేయడం, మళ్లీ వాయిదాల మీద బతికించడం మన దేశంలోనే చెల్లుతుంది.

ఇక ఎంఎస్‌డబ్ల్యూతో ఆగిపోయి, అనుభవంతో కౌన్సెలింగ్ చేస్తున్నవాళ్లకు ఈ చట్టం కింద నమోదు లేదు. సోషల్ వర్కర్లకంటూ దేశంలో ప్రత్యేక కౌన్సిల్ కూడా లేదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం తన పట్టికలో క్లినికల్, సైకియాట్రిక్, మెడికల్ సోషల్ వర్కర్లను చేర్చింది. ఆ చట్టం ఉద్దేశం నెరవేరితే రాష్ట్ర కౌన్సిల్, రిజిస్టరు, నంబరు అన్నీ వస్తాయి. అంతదాకా బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. పడకలు వేసి రోగులను చేర్చుకునే చోటే చట్టం దృష్టిలో మానసిక ఆరోగ్య సంస్థ. రెండు కుర్చీలు, ఒక టిష్యూ పేపరు డబ్బా ఉన్న గదికి ఆ నిర్వచనం వర్తించదు.

సుప్రీంకోర్టు మాత్రం ఈ వృత్తి విలువను గుర్తించింది. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న నీట్ విద్యార్థిని మరణం కేసులో 2025 జులైలో తీర్పు ఇస్తూ, వంద లేదా అంతకంటే ఎక్కువమంది విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హతగల కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ ఉండాలని మార్గదర్శకాలిచ్చింది. పిల్లలకు సోషల్ వర్కర్ పనికొస్తాడని దేశ అత్యున్నత న్యాయస్థానం చెప్పాక, ఆ పిల్లలే పెద్దయి చేరే రాయదుర్గం టవర్లలో పనికిరాడని ఎవరనగలరు?

డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మన పిల్లలు థెరపిస్టు దగ్గరికి వెళ్తున్నామంటే చాలాసార్లు వెళ్లేది లైసెన్సున్న క్లినికల్ సోషల్ వర్కర్ దగ్గరికే. అక్కడ పీజీ తర్వాత సీనియర్ల పర్యవేక్షణలో వేల గంటలు పనిచేసి, పరీక్ష రాసి, రాష్ట్ర బోర్డు దగ్గర లైసెన్సు తీసుకోవాలి. బీమా కంపెనీ ఫీజు చెల్లిస్తుంది. ఇంగ్లండ్‌లో 2005 నుంచి నమోదు లేకుండా సోషల్ వర్కర్‌నని చెప్పుకోవడమే నేరం. మన దగ్గర మానసిక అనారోగ్యానికీ శరీర అనారోగ్యానికీ బీమాలో తేడా చూపకూడదని 2017 చట్టంలోని 21వ సెక్షన్ చెబుతోంది. అయినా చాలా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే డబ్బిస్తాయి కాబట్టి గంటసేపు కూర్చుని మాట్లాడే చికిత్సకు పైసా రాదు.

కంపెనీలు ఉచితంగా ఇస్తున్నాయి కదా అంటారు. పెద్ద కంపెనీలు బయటి ఏజెన్సీలతో ఒప్పందం చేసుకుని ఉద్యోగులకు కొన్ని సెషన్లు ఇస్తున్న మాట నిజమే. వాటిని వాడుకునే ధైర్యం ఎందరికుంది? చాలాచోట్ల లాగిన్ కావాల్సింది ఆఫీసు ఈమెయిల్‌తోనే. హెచ్‌ఆర్‌కు పేర్లు వెళ్లవు, మొత్తం లెక్కలే వెళ్తాయని చెప్పినా, అప్రైజల్ ముందు ఆ మాట నమ్మి నోరు విప్పేవాళ్లు తక్కువ. తెలుగువాళ్లు మనసులో మాట బయటపెట్టరు, అంతా పరువు గొడవ అని తేల్చేయడం నాకు నచ్చదు. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ ప్రశ్నోత్తరాల శీర్షిక ‘ప్రమదావనం’ దశాబ్దాలు నడిచింది. స్వాతిలో డాక్టర్ సమరానికి జనం పడకగది సంగతులు రాశారు. వాటిలో అడిగేవాళ్ల పేరు గుప్తం, జవాబు చెప్పేవాళ్ల పేరు ఊరందరికీ తెలుసు. ఇప్పటి అంగడిలో అది తిరగబడింది. అడిగేవాడి వివరాలు యాప్‌లో ఉంటాయి, చెప్పేవాడి చదువేమిటో దాగి ఉంటుంది.

సోషల్ వర్కర్‌కు హద్దులు లేవని నేను అనడం లేదు. చెవిలో గొంతులు వినపడేవాళ్లు, చావు ఆలోచనలు వదలనివాళ్లు, తాగుడు మానితే వణికేవాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. మందులు రాసే అధికారం సోషల్ వర్కర్‌కు లేదు, రోగానికి పేరు పెట్టే తొందరా ఉండకూడదు. ఎప్పుడు డాక్టరు దగ్గరికి పంపాలో తెలియడమే ఈ వృత్తిలో సగం నైపుణ్యం. అందుకే వారాంతపు సర్టిఫికెట్లంటే భయం. వాళ్లకు తెలియనిది అదే.

మన రాష్ట్రాల్లో సమస్య ఎంత పెద్దదో గట్టి అంకె కూడా లేదు. నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో తిరిగింది. అందులో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. జబ్బును బట్టి చికిత్స అందనివాళ్లు 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారని అది తేల్చింది. ఆ ఖాళీని సైకియాట్రిస్టులే పూడ్చాలంటే తరాలు పడుతుంది.

2017 చట్టంలోని 55వ సెక్షన్ ప్రకారం క్లినికల్ సైకాలజిస్టులను, మానసిక ఆరోగ్య నర్సులను, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లను నమోదు చేసి ఆ జాబితాను ప్రచురించాల్సిన బాధ్యత రాష్ట్ర ప్రాధికార సంస్థది. ఆ జాబితా పేరుతో, పేటతో ఫోన్లో వెతుక్కునేలా ఉండాలి. ఎంఎస్‌డబ్ల్యూ చేసి కౌన్సెలింగ్ చేస్తున్నవాళ్లకు 2021 చట్టం కింద వేరే వరుస పెట్టి, వాళ్లు ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో అందులోనే రాయాలి. ఎంఫిల్ స్థానంలో ఏ కోర్సు చెల్లుతుందో చట్టంలోనే స్పష్టం చేయాలి. ఐటీ కంపెనీలు తమ ఏజెన్సీల కౌన్సెలర్ల అర్హతలను ఉద్యోగులకు ముందే చూపించాలి. వీటిలో దేనికీ కొత్త భవనం అక్కర్లేదు.

అంతదాకా మీరు అడగాల్సినవి అడగండి. ఏం చదివారు, ఎవరి పర్యవేక్షణలో పనిచేశారు, నా మాటలు ఎక్కడ రాసి పెడతారు, మీ వల్ల కాకపోతే ఎవరి దగ్గరికి పంపుతారు. అడిగినందుకు చిన్నబుచ్చుకునే మనిషికి ఫీజు కట్టకండి. ఎవరి దగ్గరికి వెళ్లాలో తోచని రాత్రి మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ సేవ ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు, ఫీజు లేదు.