ఆ చిన్న వాల్వు పీకించకండి

కిందటి సంచికలో కారు బ్యాటరీ గురించి రాశాను. ఈసారి ఇంజను వేడి సంగతి. దీనికి సాక్ష్యం నా కుడి ముంజేతి మీదే ఉంది.

1996 వేసవిలో సేలం నుంచి ఏర్కాడు కొండెక్కుతున్నాం. పాత అంబాసిడరు, లోపల ఆరుగురం. ఇరవై హెయిర్‌పిన్ మలుపుల్లో సగం దాటాక, ముందు బస్సు ఆగిపోతే నేనూ ఇంజను ఆపేశాను. రెండు నిమిషాల్లో బానెట్ సందుల్లోంచి ఆవిరి! "ఆగవయ్యా, చల్లారనీ" అని మా బావ అంటూనే ఉన్నాడు, నేను రేడియేటరు మూత తిప్పేశాను. బిగించిన మూత కింద ఒత్తిడిలో ఉన్న నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత తీశామా, ఒక్కసారిగా మరిగి మీదికి చిమ్ముతుంది. నెల్లాళ్లు కట్టు కట్టుకుని తిరిగాను.

ఊరికి వచ్చాక మెకానిక్కు చేసిన వైద్యం, థర్మోస్టాట్ వాల్వు పీకెయ్యడం. "మన ఎండలకి ఇది దండగ సార్" అన్నాడు. నమ్మాను. ఆ మార్గశిరంలో తెల్లవారుజామున చోకు లాగి ఎంతసేపు నడిపినా ఇంజను వేడెక్కదు, పెట్రోలు మాత్రం తాగేస్తుంది. కొండెక్కితే మళ్లీ పాత కథే. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసినందుకు రేడియేటరు గొట్టాల్లో ఉప్పు పేరుకుపోయిందని రెండేళ్ల తరువాత తేలింది. పాపం, వాల్వు చేసిన తప్పేమీ లేదు!

ఆ వాల్వులో ఉండేది ఒక చిన్న మైనపు బుడ్డి. చాలా ఇంజన్లలో నీరు 80, 90 డిగ్రీల మధ్యకు వచ్చేసరికి మైనం కరిగి, ఉబ్బి, తలుపు తెరుస్తుంది. అప్పటిదాకా నీళ్లు రేడియేటరు వైపు పోకుండా ఇంజనులోనే తిరుగుతాయి. ఇంజను చల్లగా ఉండటం కూడా రోగమేనని ఆ మైనానికి తెలిసినంత మాకు తెలియలేదు.

ఇక పంపు. అంబాసిడరులో పంపునూ, దాని ముందున్న ఫ్యానునూ తిప్పేది ఇంజను బెల్టే. కష్టపడి ఎక్కిన ఇంజనును టక్కున ఆపితే అవి రెండూ ఆగుతాయి, లోపలి వేడి మాత్రం ఎక్కడికి పోతుంది? ఆనాడు నేను చేసింది అదే. కాసేపు ఇంజనును మెల్లగా తిరగనివ్వాల్సింది.

ఇప్పుడు మా అల్లుడి హైబ్రిడ్ కారులో పంపుకి బెల్టు లేదు, కరెంటు మోటారు ఉంది. 2009లో వచ్చిన మూడవ తరం ప్రియస్ కూడా ఇలాంటిదే. నీటి వేడిని సెన్సారు చెబుతుంది, కంప్యూటరు ఆ లెక్కన పంపును మెల్లగానో జోరుగానో తిప్పుతుంది. పొద్దున్నే చల్లటి ఇంజనుకి పంపు దాదాపు పని మానుకుంటుంది. కొన్ని కార్లలో ఇంజను ఆపాక కూడా కాసేపు నీళ్లు తిప్పుతుంది. కొన్ని ఇంజన్లలో ఆ మైనానికే చిన్న హీటరు పెట్టారు. బరువు లాగేటప్పుడు కంప్యూటరు దాన్ని వేడిచేసి, తలుపు ముందే తెరిపిస్తుంది.

ఇందులో నాకు నచ్చనిది ఒకటుంది. బెల్టు పంపు చెడిపోయే ముందు చాలాసార్లు కీచుమంటుంది, నీరు కారుస్తుంది. ఇది చప్పుడు లేకుండా ఆగిపోవచ్చు. ఎర్ర దీపం వెలిగితే బండి పక్కకు తీసి ఆపండి, ఇంటిదాకా లాక్కురావద్దు. బోరు నీళ్లు వద్దు, కంపెనీ చెప్పిన కూలెంటే పొయ్యండి.

మొన్న ఏర్కాడులో కాఫీకి ఆగి, అల్లుడు బానెట్ ఎత్తాడు. మా బావ వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.