మీకు తోచినంత ఇవ్వండి!

హరికథ రసపట్టులో ఉండగా పళ్లెం బయల్దేరుతుంది. టిక్కెట్టు లేదు, రేటు లేదు. ఒకరు రూపాయి వేస్తారు, ఒకరు పది వేస్తారు, ఇంకొకరు దణ్ణం పెట్టి ఊరుకుంటారు. కథ మాత్రం అందరికీ ఒకటే! ‘తోచినంత’ అన్న మాట మనకేమీ కొత్త కాదు. మరి అదే పద్ధతిలో కంప్యూటర్ ఆటలు అమ్మితే? ఇరవై డాలర్ల సరుకు ముందు పెట్టి, ‘ధర మీ ఇష్టం’ అంటే కొట్టు మూసుకోవాల్సిందే అనుకుంటాం. కానీ అలా అమ్మినవాళ్లున్నారు. లక్షల డాలర్లు సంపాదించినవాళ్లూ ఉన్నారు.

ఒక్క సెంటుకే ఆట

అమెరికాలో కైల్ గాబ్లర్, రాన్ కార్మెల్ అనే ఇద్దరు మిత్రులు పెద్ద కంపెనీలో ఉద్యోగాలు మానేసి ‘టూడీ బాయ్’ పేరుతో సొంత కుంపటి పెట్టుకున్నారు. బంకబంకగా ఉండే ఉండల్ని ఒకదానికొకటి అతికించి వంతెనలూ గోపురాలూ కట్టే ‘వరల్డ్ ఆఫ్ గూ’ అనే ఆట తయారుచేసి 2008 అక్టోబరులో విడుదల చేశారు. ఆటకి మంచి పేరొచ్చింది. దాంతోపాటే దొంగ కాపీలూ వచ్చాయి. ఆడుతున్నవారిలో 80 శాతానికి పైగా డబ్బు కట్టనివారేనని వాళ్ల లెక్కలో తేలింది.

ఆటకు ఏడాది నిండిన సందర్భంగా 2009 అక్టోబరులో వాళ్లో ప్రయోగం చేశారు. అసలు ధర 20 డాలర్లు. కొద్దిరోజులపాటు ఎవరెంతిస్తే అంతకే ఇస్తామన్నారు. తొలి వారంలోనే దాదాపు 57 వేల మంది కొన్నారు. వారిలో 16 వేల మందికి పైగా ఇచ్చింది అక్షరాలా ఒక్క సెంటు! ఆ సెంటు డబ్బు బదిలీ రుసుముకే సరిపోదు. అయినా అందరిదీ కలిపి లెక్కగడితే సగటున మనిషికి 2 డాలర్ల 3 సెంట్లు వచ్చింది. మొత్తం లక్ష డాలర్లు దాటింది. ఏడాది పాతబడిన ఆటకు అది తక్కువేం కాదు.

ఇదెలా సాధ్యం? యాప్రాల్‌లో కూరగాయల బండి నడిపే అమ్మ వంకాయలకు ‘మీకు తోచినంత ఇవ్వండి’ అంటే సాయంత్రానికి పెట్టుబడి కూడా మిగలదు. ఎందుకంటే ప్రతి కిలోకీ ఆమె మార్కెట్లో డబ్బు కట్టి వచ్చింది. కంప్యూటర్ ఆట అలా కాదు. ఖర్చంతా మొదటి కాపీకే. నెలల తరబడి, ఏళ్ల తరబడి పడ్డ చాకిరీ అంతా అందులోనే ఉంటుంది. రెండో కాపీకీ, రెండు లక్షలో కాపీకీ అయ్యేది దాదాపు సున్నా. ఇరవై డాలర్లు పెట్టలేనివాడు రెండు డాలర్లిచ్చినా అది అంతకుముందు లేని రాబడే!

చదివింపుల కిటుకు

ఈ అనుభవాన్ని చూసే ‘వుల్ఫైర్ గేమ్స్’ అనే మరో చిన్న సంస్థ 2010 మే నెలలో ‘హంబుల్ ఇండీ బండిల్’ మొదలుపెట్టింది. ఐదు ఆటల్ని ఒకే మూటగా కట్టి, ధర మీ ఇష్టమంది. ఇంకో మెలిక కూడా పెట్టింది. ఇచ్చిన డబ్బులో ఆటలు చేసినవాళ్లకెంత, సేవా సంస్థలకెంత అన్నది కూడా కొనేవాళ్లే పంచవచ్చు. ఆస్పత్రుల్లో ఉన్న పిల్లలకు బొమ్మలూ ఆటలూ అందించే ‘చైల్డ్స్ ప్లే’ ఆ సంస్థల్లో ఒకటి.

కొద్ది రోజుల్లోనే లక్షా 38 వేల మందికి పైగా కొన్నారు. దాదాపు 12 లక్షల 70 వేల డాలర్లు పోగయ్యాయి. సగటు 9 డాలర్లు దాటింది. అప్పటి మారకంలో 400 రూపాయల పైమాటే. తమాషా ఏమిటంటే, విండోస్ వాడేవాళ్ల కంటే లినక్స్ వాడేవాళ్లు ఎక్కువిచ్చారు. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు పిసినారులనుకునేవారికి ఇది చక్కని జవాబు.

ఎవరెంతిస్తున్నారో ఆ పేజీలో అందరికీ కనిపించేది. సగటు ఎంత, అందరికన్నా ఎక్కువిచ్చిందెవరు... అన్నీ అక్కడే. మన పెళ్లిళ్లలో చదివింపులు మైకులో చదివినట్టన్నమాట! 2010 డిసెంబరులో వచ్చిన రెండో మూట నుంచి, సగటు కంటే ఎక్కువిచ్చినవాళ్లకు అదనపు ఆటలివ్వడం కూడా మొదలైంది. పక్కవాడు పళ్లెంలో ఎంత వేశాడో చూసి జేబులో చెయ్యి పెట్టే మనస్తత్వం ఏ దేశంలోనైనా ఒకటే మరి.

అయినా దొంగలే!

ఇదంతా ఒక ఎత్తు. ఒక్క సెంటిస్తే చాలన్నా ఆ మొదటి మూటను ఊరికే పట్టుకుపోయినవాళ్లున్నారు. డౌన్‌లోడ్లలో పాతిక శాతం దాకా అలాంటివేనని నిర్వాహకులే అంచనా వేశారు. 2011 డిసెంబరులో ఇంకో చిక్కొచ్చిపడింది. ‘స్టీమ్’ అనే పెద్ద ఆన్‌లైన్ కొట్టు పండుగ బహుమతుల పోటీ పెడితే, అందులో నెగ్గడానికి కొందరు సెంటుకో మూట చొప్పున కొని దొంగ ఖాతాలు తెరిచారు. దాంతో స్టీమ్‌లో ఆడాలంటే కనీసం డాలరు ఇవ్వాలన్న నిబంధన వచ్చింది. 2017లో హంబుల్‌ను ఐజీఎన్ సంస్థ కొనేసింది. 2021లో సేవకు పోయే వాటా మీద పరిమితి పెట్టబోతే కొనుగోలుదారులు గొడవ చేశారు. చివరికి కనీసం 15 నుంచి 30 శాతం దాకా సంస్థకే చెందేలా మార్పు తెచ్చారు. ఇప్పుడు అక్కడ ప్రతి మూటకీ కనీస ధరలున్నాయి. ఆపైన మాత్రమే మన ఇష్టం.

అసలు సిసలు ‘తోచినంత’ ఇంకా బతికున్న చోటు ‘ఇచ్.ఐఓ’. లీఫ్ కోర్కొరాన్ 2013లో ప్రారంభించిన ఈ వేదికలో ఆట తయారుచేసినవాళ్లే కనీస ధర పెట్టుకుంటారు. అది సున్నా కూడా కావచ్చు. వేదికకు ఎంత వాటా ఇవ్వాలన్నదీ వాళ్ల ఇష్టమే. 2020 జూన్‌లో జాతి వివక్షకు వ్యతిరేకంగా ఇక్కడ కట్టిన మూటలో 1,700కు పైగా ఆటలూ ఇతర కృతులూ చేరాయి. కనీస ధర 5 డాలర్లు. 8 లక్షల మందికి పైగా కొని 81 లక్షల డాలర్లు ఇచ్చారు. అంటే సగటున 10 డాలర్లు! అడిగినదానికి రెట్టింపు.

మన ఇంట్లో...

యాప్రాల్‌లో ఇంజినీరింగ్ చదువుతున్న కుర్రాడికి 20 డాలర్ల ఆట అంటే నెల బస్సు ఖర్చుల పైమాటే. అంత పెట్టలేడు. అలాగని ఆడకుండా ఉండలేడు. ఆ రెంటి మధ్యా దొరికే దారే దొంగ కాపీ. ‘తోచినంత’ అన్న బేరం వాడికి తలదించుకోనక్కర్లేని మూడో దారి చూపిస్తుంది. వంద రూపాయలున్నవాడు వందే ఇచ్చి దర్జాగా కొనుక్కోవచ్చు. దొంగ కాపీతో పాటు వచ్చే వైరస్‌ల బెడదా ఉండదు.

అయితే పెద్దలు రెండు విషయాలు చూసుకోవాలి. విదేశీ సైట్లకు డబ్బు కట్టాలంటే కార్డుకు అంతర్జాతీయ లావాదేవీల అనుమతి ఉండాలి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 2020 అక్టోబరు నుంచి కొత్త కార్డులకు ఈ సౌకర్యం మనం అడిగితేనే ఇస్తున్నారు. ఆట కొన్నాక దాన్ని మళ్లీ ఆపేసుకోవడం మేలు. రెండోది, డబ్బు ఎవరికి ఎంత పోతుందో పేజీలో చదివి తెలుసుకోవడం.

ఆపైన ధర నిర్ణయం పిల్లలకే వదిలేయాలి. ఈ ఆట ఎంతమంది చేశారు, ఎన్నాళ్లు కష్టపడ్డారు, మనం దాంతో ఎన్ని గంటలు ఆడుకుంటాం... ఇవి కనుక్కుని రమ్మనాలి. ఆ లెక్కలన్నీ చూసుకుని వాడు యాభై అన్నా సరే, ఐదొందలన్నా సరే. ఎదుటివాడి శ్రమకు విలువ కట్టడం ఏ పాఠ్యపుస్తకంలోనూ ఇంత బాగా రాదు.